మగ్గమునకు గుంట, గింజకు అటక



'ఫ్యాక్టరీ' యను మాట చెవిని బడినంతనే మనకు పొడవైన పొగగొట్టమును, యంత్రముల రొదయు, వేళకు మ్రోగెడు కూతయు స్ఫురించును. కాని నాలుగు శతాబ్దులకు పూర్వము మన సముద్రతీరమున ఆ మాటకు అర్థము వేఱు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్టణమున ఒక ఫ్యాక్టరీ నెలకొల్పిరి. అంతకు కొద్ది యేండ్లు ముందుగనే డచ్చివారును అచ్చట తమ ఫ్యాక్టరీని పెట్టుకొనియుండిరి. అవి గుడ్డ నేయుటకై కట్టినవి కావు. కంపెనీ తరఫున బేరము సాగించు ఉద్యోగిని ఆంగ్లమున 'ఫ్యాక్టరు' అనుచుండిరి. ఆతడు కాపురముండి, లెక్కలు వ్రాసికొని, కొన్న సరకును ఓడ వచ్చుదాక భద్రపఱచు చోటే ఫ్యాక్టరీ. అనగా అది కొట్టు, కర్మశాల కాదు. మఱి ఐరోపా దేశములందును, తూర్పు దీవులందును పేరెన్నికగన్న ఆ గుడ్డ తయారైనది ఎచ్చట? మన పల్లెలలో, నేతగాని యింట, అతని పొయ్యికి పదిపదునైదు అడుగుల దూరమున.

సరకు నిలువచేయు కొట్టును ఆంగ్లమున 'గోడౌను' అందురు. ఆ మాట మలయా భాష మీదుగా ఆంగ్లమున చేరినదనియు, దానికి మూలము మన 'గిడ్డంగి' గాని, దాని తోబుట్టువగు తమిళపు 'కిడంగు' గాని కావచ్చుననియు నిఘంటుకారులు చెప్పుదురు. గిడ్డంగి యను మాటయే మనవద్దనుండి దేశాంతరము పోయినదన్న, నిలువచేయు విద్య మనవారికి ఎంత సహజమైనదో ఊహింపవచ్చును. అయినను నేతగానికి వేఱుగా గిడ్డంగి లేదు. అతని మగ్గము, అతని నూలు, ఇంటిల్లిపాది తిండిగింజలు, నేసిన గుడ్డ, వంట, నిద్ర, అన్నియు ఒక్క కప్పు క్రిందనే. ఇన్ని పనులకు చాలునట్లు ఆ చిన్న యింటిని మనవారు ఎట్లు కట్టుకొనిరి? ఆ కట్టుబడిలోని తెలివి ఏమి? ఇది పురావస్తువుల ముచ్చట గాదు. నేడు ఊరూర పాతయిండ్లు పడగొట్టి క్రొత్తయిండ్లు కట్టుచున్నారు. ఆ క్రొత్తయింట మగ్గమునకు చోటు దొరకక, ఇల్లు నిలిచియు వృత్తి వెడలిపోవుట కొన్నిచోట్ల కనబడుచున్నది. కావున ఈ విషయము మీవంటి పెద్దలు ఆలోచింపదగినది.

ముందుగా శాస్త్రము చెప్పినది చూతము. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో గృహమున ఏ మూల ఏది యుండవలెనో నిర్ణయించెను. ఈశాన్యమున దేవగృహము, ఆగ్నేయమున వంటయిల్లు, నైరృతిమూల పాత్రసామగ్రి, వాయవ్యమున ధనధాన్యములు. ఇందు దిక్కుల మాట అటుంచినను, ఒక నీతి స్పష్టముగా నున్నది: నిప్పుండు చోటును, గింజయుండు చోటును ఒకటి కారాదు. పనిముట్లుండు చోటు ఆ రెంటికిని వేఱు కావలెను.

కౌటిల్యుని అర్థశాస్త్రము దిక్కులను గాక ఎత్తును ముఖ్యముగా జెప్పెను. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ప్రకటింపగా ఆ గ్రంథము మరల లోకమునకు దక్కినది. అందు కోష్ఠాగారాధ్యక్షుని ప్రకరణపు తుదిని, ధాన్యమును ఎత్తున నుంచవలెననియు, బెల్లము మొదలగువానిని గడ్డితో బిగించి అల్లిన మూటలలో నుంచవలెననియు, నూనెకు మట్టి కుండలును కొయ్య తొట్లును తగుననియు, ఉప్పును నేలమీదనే పోయవచ్చుననియు ఉన్నది. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క స్వభావము. ఆ స్వభావము నెఱిగి చోటీయవలెను గాని, ఖాళీ యెచ్చట నున్న నచ్చట త్రోసివేయరాదు. రాజు కోష్ఠాగారమునకు చెప్పిన ఈ మాటయే నేతగాని యింటికిని సరిపోవును. ఏలయన అతని యింట రెండు విరుద్ధ స్వభావములుగల వస్తువులు కాపురమున్నవి. ప్రత్తినూలు చెమ్మను గోరును. ధాన్యము పొడిని గోరును.

ప్రత్తిదారము గాలిలో తేమ యున్నప్పుడు బలముగా నుండును. గాలి యెండినచో పెళుసై మాటిమాటికి తెగును. మగ్గముమీద సాచిన పడుగులో వేలకొలది పోగు లుండును. ఒక్కొక్క పోగు తెగినప్పుడెల్ల నేతగాడు నాడె నాపి, ముడివేసి, మరల సాగవలెను. వడగాడ్పులు వీచు దినములలో ఆ ముళ్లతోనే ప్రొద్దు గడచిపోవును. దీనికి మనవారు కనిపెట్టిన ఉపాయము గుంటమగ్గము. నేలలో రెండు రెండున్నర అడుగుల లోతున గుంట త్రవ్వి, నేతగాడు గట్టున గూర్చుండి, కాళ్లు గుంటలోనికి వ్రేలవేసి, అందలి పలకలను త్రొక్కుచు నేయును. పడుగు నేలకు దగ్గఱగా పఱచుకొనియుండును. గుంటలోని మట్టి చెమ్మ మెల్లగా పైకి వచ్చి పడుగును తాకును. మట్టినేలకు పేడనీళ్లు చల్లి అలుకుటవలన శుచియు కలుగును, ఆ చెమ్మయు నిలుచును. మందమైన మట్టిగోడలును, తాటాకు కప్పో పెంకుటికప్పో అయిన పైకప్పును ఎండవేడిమిని లోనికి రానీయవు. చూచువారికి అది పేదయింటి నేల. నేయువానికి అది పనిముట్టు.

ఇది మన దేశమున మాత్రమే పుట్టిన తెలివి యని గర్వింప బనిలేదు. ఇంగ్లాండులో లాంకషైరు సీమయందు యంత్రములు రాకమునుపు ప్రత్తి నేయువారు ఇంటిక్రింద నేలమాళిగలలో మగ్గములు పెట్టుకొనిరి. కారణ మీ చెమ్మయే. అచ్చటనే పొరుగుననున్న యార్కుషైరులో ఉన్ని నేయువారు పై అంతస్తున వరుసగా కిటికీలు పెట్టుకొని నేసిరి. ఉన్నికి చెమ్మకంటె వెలుతురు ముఖ్యము. తరువాత ఆవిరి మగ్గముల కాలమున లాంకషైరు మిల్లుల యజమానులు నేతశాలలోనికి ఆవిరిని వదలి తేమ కల్పింపసాగిరి. అది కూలివాండ్ర ఆరోగ్యమును చెఱచుచున్నదని గోల పుట్టగా, 1889లో ఆ తేమకు హద్దు విధించుచు అక్కడి పార్లమెంటు చట్టము చేసెను. మిల్లు ఆవిరితో సాధింపజూచిన దానిని మన నేతయిల్లు ఒక గుంటతో సాధించెను.

ఇక గింజ సంగతి. నేతగాండ్రలో పెక్కురు సేద్యము చేయువారు కారు. గుడ్డ అమ్మిన డబ్బుతో పంటల కాలమున, ధర తక్కువగా నున్నప్పుడు, ఏటికి చాలిన గింజలు కొని నిలువచేసికొనుట వారి సంసారపు కీలకము. ఆ గింజకు చెమ్మ తగిలిన బూజు పట్టును, ముక్కి పోవును, పురుగు పుట్టును. మెట్టసీమలలో ఊరిబయట గట్టినేల చూచి పాతర త్రవ్వుకొనిరి. పల్లపు సీమలలో నేలలో నీరూరును గనుక గాదెలు, గరిసెలు, పురులు కట్టిరి. వానికి క్రింద రాళ్లో దుంగలో ఎత్తుపెట్టి, గాలి పారునట్లు చేసిరి. ఇంటిలోపల నైతే అటకయే శరణ్యము. దూలములమీద పలకలు పఱచి, మట్టి మెత్తి, కుండల దొంతులు ఎక్కించిరి. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి యెండబెట్టుట, పప్పులకు కొంచెము ఆముదము రాయుట, గింజలలో వేపాకు కలుపుట మీ రెఱిగినవే. ఈ విధముగా ఒకే గదిలో క్రింద నేలను చెమ్మకును, పైన అటకను పొడికిని పంచియిచ్చిరి. రెండు గదులకు చోటులేనివాడు ఎత్తును బట్టి రెండు గదులు చేసికొనెను. కౌటిల్యుడు ధాన్యమును ఎత్తున నుంచుమన్న మాట కిది గృహస్థుని వ్యాఖ్యానము.

అంతటితో చిక్కు తీరలేదు. పడుగునకు బియ్యపు గంజి పట్టింతురు. గంజి పట్టించిన నూలన్న ఎలుకకును, బొద్దింకకును విందు. గింజలకై వచ్చిన ఎలుక నూలును కొఱకును. నూలుకై వచ్చినది గింజల జాడ తెలిసికొనును. కావున గింజల కుండలకు మూతలు మట్టితో మెత్తి, గంజినూలు చిలుపలను ఉట్టిమీదనో, దండెముమీదనో వ్రేలాడగట్టిరి. వంటయింటి పొగ గింజకు మేలుచేయును, పురుగు పట్టనీయదు. కాని తెల్లని గుడ్డకు అదియే శత్రువు. అందుచే వంటయిల్లు వెనుకకును, మగ్గము ముందునకును పోయినవి. గింజల అటక నడుమ నిలిచి, పొగను కొంత గ్రహించి, మసిని ముందునకు రానీయలేదు. చీరాలలో తేలియా రుమాళ్లు నేసినవారు నూలును నూనెయందును బూడిదనీటియందును పలుదినములు నానబెట్టి ఆరవేయుచుండిరి. ఆ వాసనయు, ఆ జిడ్డును ఇంట దేనికి తగిలినను వదలవు. రంగుల తొట్లును అట్టివే. వాని చోటు దొడ్డిలో, బావికి దగ్గఱగా, అన్నపుకుండకు దూరముగా.

వెలుతురు మాట వేఱు. గింజకు చీకటి మంచిది. నేతకు వెలుతురు కావలెను. సన్ననూలు నేయువానికి తెగిన పోగు కంటబడవలెను గదా. అందుకే మగ్గమును వీథివైపు గదిలో కిటికీ ప్రక్కను, లేదా వసారాలో నిలిపిరి. పడుగు సాచి గంజి పెట్టి ఆరనిచ్చుటకు ఏ యిల్లును చాలదు. దానికి తెల్లవాఱుజామున వీథియే కర్మశాల యయ్యెను. నేతవీథి తిన్నగా, పొడవుగా, నీడగల చెట్లతో నుండుట అందుకొఱకే. కావున నేతయిల్లు గోడలతో ముగియదు. వాకిటిముందరి వీథియు అందులోని భాగమే. వీథి నాక్రమించి అరుగు ముందునకు జరిపినవాడు పొరుగువాని పనిచోటును హరించినవాడగును. గ్రామపెద్దలు తీర్చిన తగవులలో ఇట్టివి తక్కువ కావు.

ఇంత అమరికకు అధికారి ఎవరు? మగ్గముమీద కూర్చున్నవాడు పురుషుడే కావచ్చును. కాని రాట్నముమీద కండెలు చుట్టుట, ఆసు పోయుట, అచ్చు అతుకుట, గంజి కాచుట ఇంటి స్త్రీల చేతిలోనివి. గింజల అటక తాళపుచెవియు వారిదే. కౌటిల్యుడు సూత్రాధ్యక్షుని ప్రకరణములో, గడపదాటని స్త్రీలకు దాసీల ద్వారమున ప్రత్తి పంపి, ఇంటివద్దనే నూలు వడికించి కూలి యీయవలెనని విధించెను. ఇంటిలో జరుగు పనికి అంత ప్రాచీనమైన లెక్క యున్నది. 2019–20లో జరిగిన నాలుగవ చేనేత గణన ప్రకారము దేశమున చేనేత పనివారు 35 లక్షలకు పైబడియుండగా, వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. పొయ్యికిని, పసిబిడ్డ ఊయెలకును దగ్గఱగా మగ్గమున్నంతకాలమే ఈ చేతులు పనికి అందును. మగ్గము ఇల్లు వెడలిన ఈ చేతులలో సగము ఖాళీయగును.

ఉమ్మడి కుటుంబములలో అన్నదమ్ములకు తలకొక మగ్గమును, అందఱకు కలిపి ఒక గాదెయు నుండుట వాడుక. నేతచోటు ఎవరిది వారిది. నిలువ మాత్రము ఉమ్మడి. పంపకములు వచ్చినప్పుడు గోడ ఎక్కడ లేపవలె నన్నది పెద్ద ప్రశ్న. తెలిసిన పెద్దలు గోడను అటక నడుమకు తేక, మగ్గపుగుంటల నడుమ లేపించి, గాదెను ఒకరి భాగమునకిచ్చి, రెండవవారికి వెల కట్టించిరి. తెలియనివారు అన్నింటిని సరిగా సగము కోసి, గాలి ఆడని రెండు కొట్లను, వెలుతురు లేని రెండు నేతగదులను మిగిల్చిరి. సమభాగ మన్నది కొలతలో గాదు, ఉపయోగములో చూడవలెను.

నూలు, గింజ అను ఈ రెండు నిలువలలో ఏది ముందు తఱిగినను నేతగాని బ్రదుకు తల్లక్రిందులగుననుటకు చరిత్రలో సాక్ష్యములున్నవి. కంపెనీ కాలమున నేతగాడు దళారుల ద్వారమున బయానా పుచ్చుకొని నేసెను. బయానా గింజలకు ఖర్చయి, గుడ్డ ఆలస్యమైన, ఋణము మెడకు చుట్టుకొనెను. 1832–33లో గుంటూరుసీమను నాశనముచేసిన నందన కరవులోను, 1876–78 నాటి ధాత కరవులోను నేతగానికి రెండువైపుల దెబ్బ తగిలెను. గింజల ధర పెరిగినది. గింజలు కొనలేనివాడు గుడ్డ కొనడు గనుక గుడ్డ అమ్ముడుపోలేదు. రైతునకు పొలము మిగిలెను. నేతగానికి ఖాళీ మగ్గము మిగిలెను. రాళ్లుగొట్టు పనికి పోయినచో నేతగాని వ్రేళ్లు మొద్దువాఱి నూలుపోగు పట్టుటకు పనికిరావు. అందుచే ధాత కరవులో మదరాసు ప్రభుత్వము నేతగాండ్రకు వారి వృత్తియందే పని కల్పించి సాయముచేయు పద్ధతి నవలంబించెను. అటకమీది ఆఱునెలల గింజ నేతగానికి తిండి మాత్రము గాదు. దళారి యెదుట తలయెత్తి బేరమాడుటకు బలము.

పనిముట్టు మాఱిన ఇల్లును మాఱవలెను. తాడు లాగినంతనే పరుగెత్తు నాడెను 1733లో ఇంగ్లాండులో జాన్ కే కనిపెట్టెను. మన రాజధానిలో దానిని వ్యాపింపజేయుటకు ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ సేలములో ఒక నేతశాల నడిపెను. నాడె నచ్చినది గాని శాల నచ్చలేదు. ఇంటివారి సాయము లేని చోట, గంటకొట్టగానే వచ్చి గంటకొట్టగానే పోవు పని నేతగాండ్రకు పొసగలేదు. వారు ఆ నాడెను ఇంటికి గొనిపోయిరి. దానికి ఇరుప్రక్కల పెట్టె లుండును గనుక మగ్గము వెడల్పయ్యెను. పేకను కొట్టు పలక బరువెక్కినందున దానిని వ్రేలగట్టు దూలము గట్టిది కావలసివచ్చెను. ఇంటిలో రెండుమూడు అడుగులు సర్దుకొని, క్రొత్త పనిముట్టును పాత గుంటలోనే నిలిపిరి. అట్లే 1999లో చింతకింది మల్లేశముగారు ఆసు యంత్రమును నిర్మించి, పోచంపల్లి పరిసరములలో స్త్రీలు రోజుకు వేలసార్లు చేయి త్రిప్పెడి శ్రమను తప్పించిరి. అదియు ఇంటిలో ఒక మూలన ఇముడునదే.

గుంటమగ్గమునకు గొప్ప శత్రువు వరద. తీరప్రాంతములలో పెద్దవాన కురిసినచో గుంటలో నీరూరి, వారములకొలది నేత ఆగిపోవును. 1864లో మచిలీపట్టణమును, 1977లో దివిసీమను సముద్రము ముంచెత్తిన ఉప్పెనలవంటివి సరే సరి, వానికి మనుష్యుని ఉపాయ మేదియు నిలువదు. కాని ఏటేట వచ్చు వానలకు ఉపాయ మున్నది. నేతగది పునాదిని వీథికంటె ఎత్తుచేసి, గుంటను ఆ ఎత్తులోనే త్రవ్వుకొనుట; వాననీరు దొడ్డివైపు పోవునట్లు కాలువ తీయుట; నూలును, అమ్మవలసిన గుడ్డను గింజలతోపాటు అటకకు చేర్చుట.

స్వరాజ్యము వచ్చిన తరువాత ప్రభుత్వమును ఈ సంగతిని గుర్తించెను. 1985–86లో కేంద్ర ప్రభుత్వము నేతగానికి పనిచోటును నివాసమును కలిపి కట్టించు పథకము నారంభించెను. ఇల్లు వేఱు, కర్మశాల వేఱు అను పట్టణపు భావము నేతపల్లెకు పొసగదని అందు ఒప్పుకొన్నట్లే గదా. అయినను కాగితముమీది కొలతలు ఊరి నేలను ఎఱుగవు. సిమెంటుపలక కప్పు వేసవిలో పెనమువలె కాగును. సిమెంటునేల చెమ్మను పైకి రానీయదు. అటకకు ఎత్తు చాలదు. అప్పుడు నూలు తెగును. గింజల సంచులు మగ్గపుగదిలోనికి వచ్చును. ఎలుక వానివెంట వచ్చును. మఱునాడు మగ్గమును విప్పి మూలన చేర్తురు. ఆ మూలయే దాని అంత్యస్థలము.

కావున క్రొత్తయిల్లు కట్టదలచిన యువకులు మీకడకు సలహాకు వచ్చినప్పుడు ఈ మాటలు చెప్పుడు. ముందు మగ్గమునకు చోటు గుర్తించి, తరువాత గోడలు గీయవలెను. గుంటచుట్టు కొంతమేర నేలను మట్టిగానే విడువవలెను. సిమెంటు కప్పు తప్పనిచో దానిపై పెంకులో తాటాకో మఱొక పొర వేయవలెను. కప్పును రెండుమూడడుగులు ఎక్కువగా లేపి అటక నమర్చిన, వేఱుగది ఖర్చు మిగులును. నూలును గింజను ఒక సంచివరుసలో పెట్టరాదు. వంటపొగ మగ్గమువైపు రారాదు. వీథిని ఎవ్వరును మ్రింగకుండ చూడవలెను. అటకకు ఎక్కు నిచ్చెన ఇంటి ఆడువారు సులువుగా ఎక్కదగినదై యుండవలెను; ఏలయన రోజునకు నాలుగుమార్లు ఎక్కువారు వారే.

మచిలీపట్టణపు ఫ్యాక్టరీలలో కొన్న గుడ్డకు కొట్లుండెను. నేత మాత్రము పల్లెల యిండ్లను విడువలేదు. ఆ ఫ్యాక్టరుల కంపెనీ అంతరించినది, నేత నేటికిని నిలిచియున్నది. నిలిపినది గుంటలోని చెమ్మయు, అటకమీది గింజయు, ఆ రెంటి నడుమ నేర్పుతో సంసారము నడిపిన ఇంటివారును. ఇక ముందు దానిని నిలుపుట క్రొత్తయింటి ముగ్గు పోయునాడు మీరు చెప్పు మాటపై ఆధారపడియున్నది.